అరోరా నిజంగా ఎగిరిందా? నా పాత షార్ట్‌లో నేను చెప్పని విషయాలు

ఈ ఎపిసోడ్ ఒక రకంగా నా తప్పు సరిదిద్దుకోవడానికి చేస్తున్నా. కొన్ని నెలల క్రితం నేనొక షార్ట్ పెట్టాను, మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. "అమెరికా దాచేసిన మ్యాక్ 6 గూఢచారి విమానం అరోరా". నలభై సెకన్లు, వెనకాల దడ పుట్టించే మ్యూజిక్, నల్లటి త్రికోణం విమానం ఫోటో. నా మామూలు వీడియోల కంటే చాలా ఎక్కువ మంది చూశారు. ఆ ఫోటో ఎవరో కంప్యూటర్‌లో గీసిన బొమ్మ. పెట్టేటప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. "ఊహాచిత్రం" అని ఒక మూల చిన్న అక్షరాల్లో కూడా రాయలేదు.

కామెంట్స్‌లో ఒక తమ్ముడు, మెకానికల్ థర్డ్ ఇయర్ అట, ఒక్కటే ప్రశ్న అడిగాడు: "అన్నా, మ్యాక్ 6లో పోతే దాని బాడీ ఎందుకు కరిగిపోదు?" నా దగ్గర జవాబు లేదు. నేను బీటెక్‌లో చదివింది కంప్యూటర్స్, తర్వాత చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హార్ట్ సింబల్ కొట్టి వదిలేశాను. తర్వాత చాలా రోజులు అది గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈసారి కూర్చుని చదివాను.

ముందు నిజంగా ఉన్న విమానంతో మొదలుపెడదాం. ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్. లాక్‌హీడ్ కంపెనీలో స్కంక్ వర్క్స్ అనే రహస్య విభాగం ఉంది. కెల్లీ జాన్సన్ టీమ్ అక్కడ తయారుచేసిన ఈ విమానం 1964 డిసెంబర్‌లో మొదటిసారి ఎగిరింది. 1976 జులైలో గంటకు 3,529 కిలోమీటర్ల రికార్డు పెట్టింది. మన లెక్కలో చెప్తా. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి గాల్లో సూటిగా సుమారు 500 కిలోమీటర్లు. బస్సెక్కితే రాత్రంతా ప్రయాణం. బ్లాక్‌బర్డ్‌కి ఆ స్పీడ్‌లో తొమ్మిది నిమిషాలు కూడా పట్టదు.

మొత్తం 32 తయారుచేశారు. 12 ప్రమాదాల్లో పోయాయి కానీ, శత్రువు ఒక్కదాన్ని కూడా కూల్చలేకపోయాడు. బాడీలో ఎక్కువ భాగం టైటానియం. ఆ టైటానియంలో కొంత డొంకదారిలో, వేరే కంపెనీల పేర్లు అడ్డం పెట్టి సోవియట్ యూనియన్ నుంచే కొన్నారు! ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్ల దగ్గరే ముడిసరుకు. సినిమాలో పెడితే లాజిక్ లేదంటాం.

ఇలాంటి విమానాన్ని 1990లో రిటైర్ చేసేశారు. ఆ ఏడాది మార్చి 6న ఒక బ్లాక్‌బర్డ్ లాస్ ఏంజిలిస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో వెళ్లి, మ్యూజియం వాళ్ల చేతికి వెళ్లిపోయింది. అప్పుడే అందరికీ డౌట్ వచ్చింది. ప్రపంచంలోనే ఫాస్టెస్ట్ విమానాన్ని, ఇంకా రికార్డులు కొడుతుండగా, ఎందుకు ఆపేస్తారు? ఇంతకన్నా మంచిది లోపల రెడీగా ఉంటేనే కదా?

దీనికి తోడు అప్పటికే ఒక పేరు తిరుగుతోంది. 1985లో అమెరికా బడ్జెట్ పత్రంలో "అరోరా" అని ఒక పద్దు పొరపాటున అచ్చయిపోయింది. 1990లో ఏవియేషన్ వీక్ పత్రిక దాని గురించి రాసేసరికి, పేరులేని పుకారుకి పేరు దొరికింది.

సరే, సాక్ష్యాలేంటి? నా షార్ట్‌లో మూడూ చెప్పాను, కానీ సగం సగం చెప్పాను.

మొదటిది, నాకు ఇప్పటికీ బాగా నచ్చేది, ఉత్తర సముద్రం కేసు. 1989 ఆగస్టు. గెల్వెస్టన్ కీ అనే ఆయిల్ రిగ్ మీద క్రిస్ గిబ్సన్ అనే ఇంజినీర్ పనిచేస్తున్నాడు. పైన ఒక కేసీ-135 ట్యాంకర్, అంటే గాల్లోనే వేరే విమానాలకు ఇంధనం పోసే విమానం, వెళ్తోంది. పక్కన రెండు ఎఫ్-111లు. వాటితో పాటు ఇంధనం నింపుకుంటూ నల్లటి, సన్నటి త్రికోణం. ఇక్కడ ముఖ్యమైన పాయింట్ ఏంటంటే, గిబ్సన్ దారిన పోయే మనిషి కాదు. బ్రిటన్‌లో రాయల్ అబ్జర్వర్ కోర్ అని ఉండేది, ఆకాశంలో కనపడిన విమానాన్ని ఆకారం చూసి గుర్తుపట్టే వాలంటీర్ల దళం. అందులో ఆయన ఆరితేరిన వాడు. ఆయనకే ఆ త్రికోణం ఏంటో అర్థం కాలేదు. 1992 డిసెంబర్‌లో ఆయన గీసిన బొమ్మ జేన్స్ డిఫెన్స్ వీక్లీలో వచ్చింది.

నేను షార్ట్‌లో ఏం చేశానంటే, "నిపుణుడే చూశాడు" అని అక్కడితో ఆపేశాను. కానీ ఆయన చూసింది ఆకారాన్ని. ట్యాంకర్ స్పీడ్‌లో, ట్యాంకర్ పక్కన మెల్లగా వెళ్తున్న త్రికోణాన్ని. అది మ్యాక్ 6లో వెళ్లగలదని ఆ దృశ్యం ఎక్కడా చెప్పదు. బీ-2 బాంబర్‌ని లోకానికి చూపించింది 1988 నవంబర్‌లో, గిబ్సన్ కంటే కేవలం తొమ్మిది నెలల ముందు. రహస్య త్రికోణం అన్నంత మాత్రాన అది స్పీడ్ విమానం అయిపోదు. ఆయన చూసిందేంటో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఈ కేసు నేను ఓపెన్‌గానే ఉంచుతున్నా.

రెండోది దక్షిణ కాలిఫోర్నియా మోతలు. 1991 మధ్య నుంచి అప్పుడప్పుడు కిటికీలు గడగడలాడేవి, జనం భూకంపం అనుకునేవాళ్లు. భూకంపాలు కొలిచే సీస్మోమీటర్లు అక్కడ వందల్లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తే, ప్రతి సీస్మోమీటర్ ఒక సర్వర్, టైమ్‌స్టాంప్‌తో లాగ్ రాస్తుంది. నిజం భూకంపమైతే అల భూమిలోంచి సెకనుకి కిలోమీటర్ల వేగంతో వస్తుంది. సోనిక్ బూమ్ అయితే, అంటే ధ్వని కంటే వేగంగా పోయే విమానం వెనక వచ్చే మోత అయితే, విమానం నేల మీద లాక్కెళ్లే దుప్పటిలాగా ఒక స్టేషన్ తర్వాత ఇంకో స్టేషన్‌ని తాకుతుంది. ఆ టైమ్‌ల తేడా చూసి విమానం ఎటు, సుమారు ఎంత వేగంతో పోయిందో లెక్కకట్టొచ్చు. 1989 ఆగస్టులో కొలంబియా స్పేస్ షటిల్ దిగుతున్నప్పుడు వచ్చిన మోతను అక్కడి సీస్మోమీటర్లు రికార్డు చేశాయి, శాస్త్రవేత్తలు దాన్ని విశ్లేషించారు కూడా. కాబట్టి 1991 మోతలు విమానాలవే అని చెప్పగలిగారు. అంతవరకు నిజం. కానీ ఆ తీరం అవతల సముద్రం మీద అమెరికా నేవీ ఫైటర్లు రోజూ విన్యాసాలు చేస్తాయి, అవి కూడా ధ్వనిని దాటతాయి. మోత ఉంది కాబట్టి అరోరా ఉంది అనడం, సర్వర్ స్లో అయింది కాబట్టి హ్యాకర్ వచ్చాడు అన్నట్టు. మా ఆఫీసులో నేనే అలా ఒకసారి రాత్రి పన్నెండుకి టీమ్ మొత్తాన్ని లేపాను. తీరా చూస్తే మా బ్యాకప్ జాబ్.

మూడోది పొగ ఫోటో. 1992 మార్చిలో టెక్సస్‌లోని అమరిల్లో దగ్గర తీశారు. తాడుకి వడలు గుచ్చినట్టు వరసగా గుండ్రటి ముద్దలున్న తెల్లటి గీత. కొత్త రకం ఇంజిన్ ఆగి ఆగి పేలుతుంటే అలా వస్తుందన్నారు. కానీ మామూలు జెట్ల గీతలు కూడా గాలి సుడుల వల్ల విడిపోయి ముద్దలు ముద్దలుగా తయారవుతాయి. ఈసారి విమానం వెళ్లాక మీరే డాబా మీద నుంచి నాలుగు నిమిషాలు చూడండి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. ఇదే అసలు పాయింట్.

వేగంగా పోయే విమానం ముక్కు దగ్గర గాలి వెళ్లడానికి దారి లేక నొక్కుకుపోతుంది, నొక్కుకుంటే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడితే కింద గొట్టం వేడెక్కుతుంది చూడండి, అదే. చాలా ఎత్తులో బయట గాలి మైనస్ 56 డిగ్రీల దగ్గర ఉంటుంది. బ్లాక్‌బర్డ్ మ్యాక్ 3.2లో వెళ్తే, గాలి పూర్తిగా ఆగిపోయే చోట లెక్క ప్రకారం సుమారు 390 డిగ్రీలు వస్తుంది. మ్యాక్ 5కి వెయ్యి దాటుతుంది. మ్యాక్ 6కి సుమారు 1,500. ఇక్కడ వేడి వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బాడీ కొంత వేడిని బయటికి వదిలేస్తుంది కాబట్టి లోహం అంతవరకు వెళ్లదు. అయినా అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. టైటానియం కరిగేది 1,668 దగ్గరే కానీ, అంతకంటే చాలా ముందే మెత్తబడి బలం పోతుంది.

బ్లాక్‌బర్డ్‌కే ఎన్ని తిప్పలో చూడండి. గాల్లో వేడికి విమానం వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకుల అతుకుల దగ్గర సందులు ఉండేవి, నేల మీద నిలబడితే ఇంధనం కారేది. ఆ ఇంధనం కూడా మామూలుది కాదు, జేపీ-7. అగ్గిపుల్ల వేసినా అంటుకోదు, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి వేరే రసాయనం కావాలి. దాన్ని మోయడానికి కేసీ-135క్యూ అని ప్రత్యేక ట్యాంకర్లు పెట్టారు. అంటే మ్యాక్ 3 విమానం ఒక్కదాని వెనక ఒక ఊరంత సరంజామా.

మరి మనిషి మ్యాక్ 6 దాటలేదా? దాటాడు! ఎక్స్-15 అని రాకెట్ విమానం. 1967 అక్టోబర్ 3న పీట్ నైట్ దాన్ని మ్యాక్ 6.7 వరకు తీసుకెళ్లాడు. రన్‌వే నుంచి కాదు, బీ-52 రెక్క కింద నుంచి వదిలారు. రాకెట్ మండింది రెండు మూడు నిమిషాలే. అది కిందకి దిగాక చూస్తే తోక కింది భాగంలో లోహం కాలి చిల్లులు పడ్డాయి. ఆ విమానం మళ్లీ ఎప్పుడూ ఎగరలేదు. తమ్ముడూ, నువ్వు అడిగింది కరెక్ట్. కరగడం మొదలైంది.

గాలి పీల్చే స్క్రామ్‌జెట్ ఇంజిన్ల సంగతికొస్తే, నాసా ఎక్స్-43ఏ 2004లో మ్యాక్ 9.6 చేరింది, ఇంజిన్ నడిచింది పది సెకన్ల చిల్లర. ఎక్స్-51ఏ 2013లో మ్యాక్ 5.1 దగ్గర 210 సెకన్లు నడిచింది. రెండింట్లోనూ మనిషి లేడు, పని అయ్యాక రెండూ సముద్రంలో పడ్డాయి. మన దగ్గర డీఆర్‌డీవో 2020 సెప్టెంబర్ 7న హెచ్‌ఎస్‌టీడీవీని ఒడిశా తీరం నుంచి ప్రయోగించింది, మ్యాక్ 6 దగ్గర 20 సెకన్లకు పైగా. దాని వెనక ఉన్నది మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్. అదే ల్యాబ్ 2025 జనవరిలో ఇంధనంతోనే గోడల్ని చల్లబరిచే స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ని నేల మీద 120 సెకన్లు, ఏప్రిల్‌లో వెయ్యి సెకన్లకు పైగా నడిపింది. నిమిషాల లెక్క వార్త అయ్యే స్టేజ్ ఇది, అదీ ఇప్పుడు. 1980లలోనే పైలట్‌తో గంటల తరబడి మ్యాక్ 6లో తిరిగి ఇంటికొచ్చే విమానం ఉందంటే, ఆ తర్వాత చేసిన ఈ పరీక్షలన్నీ దేనికి?

ఇంకో లెక్క. 1990లో ఆపేసిన బ్లాక్‌బర్డ్‌కి, 1994లో అమెరికా కాంగ్రెస్ మళ్లీ డబ్బిచ్చింది. కొన్నింటిని దుమ్ము దులిపి మళ్లీ ఎగరేశారు. ఇంట్లో కొత్త ఫోన్ ఉంటే, స్క్రీన్ పగిలిన పాతదానికి ఎవరైనా డిస్‌ప్లే మార్పిస్తారా?

స్కంక్ వర్క్స్‌కి 1975 నుంచి 1991 వరకు బాస్ అయిన బెన్ రిచ్, 1994లో వచ్చిన తన పుస్తకంలో అరోరా గురించి రాశాడు. బీ-2 బాంబర్ కాంట్రాక్ట్ పోటీకి పెట్టిన డబ్బుకి అది కోడ్ నేమ్ మాత్రమే అని. ఎయిర్ ఫోర్స్ సెక్రటరీ డొనాల్డ్ రైస్ అయితే 1992లోనే అలాంటి ప్రోగ్రామ్ ఏ పేరుతోనూ లేదన్నాడు.

"వాళ్లు అబద్ధం చెప్పరా బ్రో?" అంటారు. చెప్తారు. ఎఫ్-117 స్టెల్త్ విమానం 1981లో ఎగిరింది, ఒప్పుకున్నది 1988 నవంబర్‌లో. ఏడేళ్లు! నెవాడా ఎడారిలో రాత్రిళ్లు మాత్రమే తిప్పేవాళ్లు. ఆర్‌క్యూ-170 డ్రోన్ కాందహార్‌లో కెమెరాకి చిక్కింది, 2009 డిసెంబర్‌లో ఒప్పుకున్నారు. అందుకే నేను "రహస్య విమానాలు లేవు" అనట్లేదు. కానీ ఈ రెండింటిలో ఒక పోలిక గమనించండి. రెండూ ధ్వని కంటే నెమ్మదిగా పోయేవే. మోత రాదు, ఒళ్లు కాలదు, ప్రత్యేక ఇంధనం అక్కర్లేదు. దాచాలంటే మెల్లగా పోవడమే తెలివి. మ్యాక్ 6 విమానం ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి దీపావళి మతాబులా కనిపిస్తుంది. పైగా 1976 నుంచి అమెరికా దగ్గర ఫోటోలు తీసి నేరుగా కిందకి పంపే శాటిలైట్లున్నాయి. బ్లాక్‌బర్డ్‌ని ఆపడానికి ఒక కారణం ఇది, ఇంకోటి ఖర్చు.

ఎస్ఆర్-72 సంగతి కూడా అడుగుతున్నారు. 2013లో లాక్‌హీడే ఆ ఐడియా బయటపెట్టింది, మ్యాక్ 6 అని. 2022లో టాప్ గన్ మ్యావరిక్ సినిమాలో డార్క్‌స్టార్ చూశారు కదా, ఆ సెట్ డిజైన్‌కి స్కంక్ వర్క్స్ వాళ్లు సాయం చేశారు. అది సినిమా కోసం కట్టిన నమూనా, ఎగరదు. ఈ మధ్య వాట్సాప్‌లో "లీకైన ఫోటో" అని నాకు ఫార్వర్డ్ అయినవాటిలో సగం దానివే. మిగతా సగంలో ఒకటి నా థంబ్‌నెయిలే, లోగో క్రాప్ చేసి పంపారు. అది చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ షార్ట్‌ని డిలీట్ చేద్దామనుకున్నా. చేస్తే క్రాప్ అయిన కాపీలు తిరుగుతూనే ఉంటాయి, సవరణ మాత్రం ఎక్కడా ఉండదు. అందుకే ఉంచి, టైటిల్ మార్చి, ఫోటో కల్పితమని పైనే రాసి, ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేశాను. తమ్ముడి కామెంట్ కింద ఎక్స్-15 లెక్క మొత్తం రాశాను. అతను పావుగంటలో రిప్లై ఇచ్చాడు: "థాంక్స్ అన్నా, మరి స్పేస్ షటిల్ మ్యాక్ 25లో దిగేది కదా, అదెలా తట్టుకుంది?"

ఇంకో వారం టైమ్ ఇవ్వు తమ్ముడూ. చదివొస్తా.