పరుగు ఆగాక...

వేగమే దానికి వరం. ఆ వేగమే శాపం కూడా. కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లూ నెత్తిన పెట్టుకుంటారు. అది తగ్గిందా... రోడ్డు మీద వదిలేస్తారు. అలా దిక్కులేనిదైన ఓ వేటకుక్క మీ గుమ్మం ముందు నిలబడితే ఏం చేస్తారు?

విజయనగరం పుట్టిన కథ మనందరికీ తెలిసిందే. హరిహర బుక్కరాయలు తుంగభద్ర ఒడ్డున వేటకెళ్లారట. వేటకుక్కలు ఓ కుందేలును తరుముతున్నాయట. ఉన్నట్టుండి ఆ కుందేలు వెనక్కి తిరిగి కుక్కల మీదికే ఉరికిందట. ఇది పౌరుషం ఉన్న నేల అనీ ఇక్కడే రాజధాని కట్టమనీ విద్యారణ్యస్వామి చెప్పారని ఐతిహ్యం. ఆ కథలో కుందేలుకి కీర్తి దక్కింది. అన్నదమ్ములకు రాజ్యం దక్కింది. మరి ఆ కుక్కలు ఏమయ్యాయి? ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు!

ఆ బుక్కరాయల పేరును ఇప్పటికీ మోస్తున్న ఊరు బుక్కపట్నం. అక్కణ్నుంచి ధర్మవరం మీదుగా వస్తే బత్తలపల్లె. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది కానీ నేల తీరు మారలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. ఎర్రనేలలు, వేరుశనగ చేలు, బోడిగుట్టలు, కంపచెట్లు, గొర్రెల మందలు. చెట్టూ చేమా అడ్డంలేక చూపు ఎంతదూరమైనా పోతుంది. ఇలాంటి మెట్టప్రాంతాల్లో వేటకు ముక్కు కన్నా కన్నే ముఖ్యం. అందుకే అలాంటి కుక్కలే ఇక్కడ చెల్లుబాటయ్యాయి.

కంటితోనే వేట

మామూలు కుక్క వాసన పట్టుకుంటూ పోతుంది. ఇవి అలా కాదు. దూరాన ఏదైనా కదిలితే చాలు, చూపు దానిమీద పడుతుంది. ఆ వెంటనే కాళ్లు లేస్తాయి. ఇంగ్లిషులో వీటిని సైట్‌హౌండ్స్ అంటారు. చూపుతో వేటాడే కుక్కలన్నమాట. గ్రేహౌండ్, సలూకీ, అఫ్గాన్ హౌండ్ ఈ కుటుంబమే. మనదేశంలో కర్ణాటక ముధోల్, ఉత్తరాదిన రాంపూర్ హౌండ్, తమిళనాట చిప్పిపారై, కన్ని ఆ కోవలోవే. కోలమొహం, లోతైన ఛాతీ, వెన్నుకి అంటుకుపోయినట్లుండే పొట్ట, పొడవాటి కాళ్లు... చూడగానే గుర్తుపట్టొచ్చు. గ్రేహౌండ్ గంటకు 65 కిలోమీటర్లకు పైగా వేగాన్ని అందుకోగలదు. ఒక్కో అంగలో రెండుసార్లు దాని నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి!

గ్రేహౌండ్స్ అనగానే మనకు కుక్కకన్నా ముందు పోలీసులు గుర్తొస్తారు. 1989లో నక్సల్స్‌ను ఎదుర్కోవడానికి పెట్టిన ప్రత్యేక దళానికి ఈ కుక్క పేరే పెట్టారు మరి. మన ముధోల్‌కీ పేరుప్రతిష్ఠలు తక్కువేం కాదు. 2005 జనవరిలో తపాలాశాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. సైన్యం దాన్ని మీరట్‌కి పిలిపించుకుని శిక్షణ ఇచ్చింది. 2020 ఆగస్టులో ‘మన్‌ కీ బాత్‌’లో ప్రధాని కూడా దాన్ని మెచ్చుకున్నారు. పేరొస్తే గిరాకీ వస్తుంది. గిరాకీ వస్తే పిల్లలు పుట్టుకొస్తాయి. కొన్నవాళ్లందరూ చివరిదాకా సాకుతారా అన్నదే అసలు ప్రశ్న.

యాభై రూపాయల ప్రాణం

ఈ కుక్కలు వీధిన పడటానికి కారణాలు చాలానే. వేటలో కాలు విరగొచ్చు. వయసు మీదపడి కుందేలు అందకపోవచ్చు. కాపలా కాస్తుందని తెచ్చుకుంటే అది కొత్తవాళ్లని చూసి తోకాడించొచ్చు. లేదంటే పక్కింటి కోడిని పట్టుకుని తగవు తెచ్చిపెట్టొచ్చు. ఇంకేముంది, ఓ రాత్రి బండెక్కించి నాలుగూళ్ల అవతల దించేస్తే సరి!

నిజానికి ఈ కథలో మొదటి తప్పు వేటే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది. చంపితేనే నేరం అనుకుంటారు చాలామంది. తరమడం, తరమడానికి ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అంటే కుందేలు దొరక్కపోయినా దాని మీదికి కుక్కను ఉసిగొల్పినవాళ్లు తప్పించుకోలేరు. తరిమింది మన రాష్ట్రజంతువైన కృష్ణజింకనైతే కనీసం మూడేళ్ల జైలు.

మరి కుక్కను వదిలేస్తే? ఆకలికీ దప్పికకూ మాడిపోయేలా జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. కాకపోతే మొదటిసారి పట్టుబడితే జరిమానా యాభై రూపాయలు దాటదు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె అలాగే ఉంది. హోటల్లో ప్లేటు ఇడ్లీ, ఓ టీ తాగితే అయిపోయే డబ్బు!

అసలు లెక్క ఇంకోటుంది. పందేలకు వాడే గ్రేహౌండ్ మహా అయితే నాలుగైదేళ్ల వయసు దాకా పరిగెడుతుంది. బతికేది పన్నెండేళ్ల దాకా. వేటకుక్కదీ దాదాపు అదే కథ. పరుగు మనకోసం. మరి పరుగు ఆగాక మిగిలిన ఏడెనిమిదేళ్ల బతుకు ఎవరి బాధ్యత?

స్పెయిన్‌లోనూ అదే తంతు

బత్తలపల్లెకు స్పెయిన్ కొత్తేమీ కాదు. బార్సిలోనాలో పుట్టి 1969లో అనంతపురం వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఫాదర్ ఫెర్రర్‌ను ఎరగనివాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. ఆయన స్థాపించిన ఆర్డీటీ సంస్థ ఆసుపత్రి ఉన్నది ఈ ఊళ్లోనే. మన పిల్లల చదువులకీ వైద్యానికీ స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలెన్నో చందాలు పంపాయి. అంతటి మనసున్న దేశంలోనూ వేటకుక్క రాత మాత్రం మారలేదు.

అక్కడి వేటకుక్క పేరు గాల్గో. పని కూడా కుందేళ్లను తరమడమే. చలికాలం చివర్లో వేటల రుతువు ముగుస్తుంది. పనికిరావనుకున్న కుక్కల్ని అప్పుడు రోడ్ల పక్కన వదిలేస్తారు, కొన్నింటిని చంపేస్తారు కూడా. ఆ దారుణాన్ని గుర్తుచేయడానికే ఫిబ్రవరి 1ని గాల్గో దినంగా పాటిస్తున్నారు జంతుప్రేమికులు. స్పెయిన్ 2023లో జంతు సంక్షేమానికి కొత్త చట్టం తెచ్చింది. తీరా చూస్తే వేటకుక్కల్ని అందులోంచి మినహాయించారు!

అయితే మంచి కబురూ ఉంది. రోడ్డున పడ్డ గాల్గోలను స్వచ్ఛంద సంస్థలు చేరదీసి, వైద్యం చేయించి, యూరప్‌లోని ఇతర దేశాల్లో కూడా ఇళ్లు వెతికిపెడుతున్నాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కుక్కల పందేలు వద్దని 2018లో జనమే ఓటేశారు. 2020 ముగిసేసరికి అక్కడి పందేలు ఆగిపోయాయి. న్యూజిలాండ్ కూడా పందేలకు స్వస్తి చెబుతున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటించింది. పందేలు ఆగినచోట కుక్కలకు దారి చూపింది మామూలు సంసారులే. ఒక్కో ఇంటికి ఒక్కో కుక్క... అలా తీరింది సమస్య.

తొలి రోజులు తడబాటే

సరే, అలాంటిదొకటి మీ దగ్గరికి వచ్చింది. ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పాత గాయాలూ విరిగిన ఎముకలూ ఉన్నాయేమో చూపించాలి. మన ఎండలకు పిడుదుల బెడద ఎక్కువ. అవి తెచ్చే జ్వరం పైకి కనిపించకుండా రక్తాన్ని పీల్చిపిప్పి చేస్తుంది. అందుకే రక్తపరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత నులిపురుగుల మందు, రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు. ఈలోగా మిమ్మల్ని కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తుంటే డాక్టరుకు ఇది ఏ రకం కుక్కో ముందే చెప్పండి. గ్రేహౌండ్ లాంటివాటి ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. కొన్నిరకాల మత్తుమందుల ప్రభావం వాటిమీద ఎక్కువసేపు ఉండిపోయి ప్రాణం మీదికి తెస్తుంది.

పక్కటెముకలు కనిపిస్తున్నాయని కంగారుపడి కుండెడు అన్నం పెట్టేయొద్దు. ఈ జాతికి చివరి రెండు మూడు ఎముకలు కనిపించడం మామూలే. అన్ని ఎముకలూ, నడుము గూళ్లూ పైకి తేలితేనే పస్తులున్నట్టు. పస్తులున్న ప్రాణికి ఒక్కసారిగా పెడితే ప్రమాదం. కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పెట్టాలి. మన రాగిసంగటి తినిపించొచ్చు కానీ అదొక్కటే చాలదు. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం కూడా ఉండాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ జోలికి పోకూడదు.

ఆరుబయట పెరిగిన కుక్కకు ఇల్లు కొత్త లోకం. మెట్లు, అద్దం, తిరిగే ఫ్యాను, టీవీ... అన్నీ భయమే. మూల వెతుక్కుని ముడుచుకుంటుంది. లాగొద్దు. ముద్దు చేయొద్దు. వేళకు తిండి, వేళకు నడక... అంతే. కొన్నింటికి వారాలు పడుతుంది, కొన్నింటికి నెలలు. ఇంకోమాట. నిద్రలో ఉన్నప్పుడు తాకితే ఉలిక్కిపడి నోరు చేసుకోవచ్చు. కాస్త దూరంనుంచి పేరుపెట్టి పిలవాలి. ఈ సంగతి ఇంట్లో పిల్లలకు మరీమరీ చెప్పాలి.

భయం పోయాక చూడాలి దాని వైభోగం. పరుగులో చిరుత, ఇంట్లో కుంభకర్ణుడు! పొద్దునా సాయంత్రం ఓ అరగంట నడిపిస్తే చాలు. మిగతా రోజంతా నిద్రే. ఒంటిమీద కండ తప్ప మెత్తదనం ఉండదు కాబట్టి గచ్చుమీద పడుకుంటే మోచేతులు పుండ్లు పడతాయి. గోనెసంచుల మీద పాత బొంత పరిస్తే అదే పట్టుపరుపు.

గొలుసు వదలొద్దు

ఎంత మచ్చికైనా బయట గొలుసు వదలకూడదు. కుందేలో పిల్లో కనిపిస్తే మీరు పిలిచేలోపే అది మరో చేలో ఉంటుంది. లారీలు తిరిగే రోడ్డయితే చెప్పక్కర్లేదు. దీని తల సన్నం, మెడ లావు. మామూలు బెల్టు ఇట్టే జారిపోతుంది. లాగినప్పుడు కొద్దిగా బిగిసే రకం బెల్టు గానీ, ఛాతీ చుట్టూ వేసే పట్టీ గానీ వాడాలి.

గొర్రెలూ కోళ్లూ ఉన్న ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. తరమడం దాని రక్తంలో ఉంది. తరాల తరబడి మనుషులే ఏరి కోరి నూరిపోసిన గుణమది. దానికి శిక్ష వేయడంలో అర్థం లేదు. ఎడ్లకు కట్టినట్టే మూతికి చిక్కం కట్టి, దూరం నుంచి మందను చూపిస్తూ నెమ్మదిగా అలవాటు చేయొచ్చు. నోరు తెరిచి వగర్చడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండే చిక్కమే వాడాలి. కొన్ని మారతాయి. కొన్ని ఎప్పటికీ మారవు. మారనిదాన్ని జీవాలు లేని ఇంటికి పంపడమే అందరికీ క్షేమం.

ఇక మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. సూర్యుడు రాకముందే నడక ముగించాలి. రోడ్డుమీద అరచేయి వెనకభాగం ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. నీడన తడిపిన గోనెసంచి, నిండా నీళ్లున్న తొట్టి సిద్ధంగా ఉంచాలి. నాలుక బయటపెట్టి విపరీతంగా రొప్పుతూ తూలుతుంటే వడదెబ్బ తగిలినట్టే. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి విసిరి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. డిసెంబరు చలికి మాత్రం ఓ పాత కంబళి కప్పాలి. ఆ పలుచటి బొచ్చు చలికి ఆగదు.

తెచ్చుకునే ముందు...

* ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఒక్కరి ముచ్చటతో మొదలైతే మళ్లీ వీధిపాలే.
* ఆరడుగుల ప్రహరీ ఉందా? లేకపోతే రోజూ రెండు పూటలా గొలుసు పట్టుకుని నడిపించే ఓపిక ఉందా?
* దొంగల భయంతో తెచ్చుకుంటున్నారా? అయితే వద్దు. వీటిలో చాలావాటికి కాపలా చేతకాదు.
* ఊరెళితే ఎవరు చూస్తారు? టీకాలకీ వైద్యానికీ ఏటా కొంత డబ్బు తీసి ఉంచగలరా?
* అన్నిటికన్నా ముఖ్యం. రేపు ఓ ఆదివారం దాన్ని వేటకు తీసుకెళ్లాలనిపిస్తుందా? అయితే దాన్ని తీసుకోవద్దు.

వీటన్నిటికీ సరైన జవాబులున్నవాళ్లు తక్కువే ఉంటారు. ఊరికి ఒక్కరున్నా చాలు. వాళ్ల ఇంట్లో ఓ మూల బొంత మీద, కాళ్లు నాలుగూ బార్లా చాపి, ఓ వేటకుక్క నిద్రపోతుంది. కలలో ఇంకా పరిగెడుతున్నట్టు అప్పుడప్పుడూ దాని పాదాలు కదులుతుంటాయి.

తుంగభద్ర ఒడ్డున కుందేలు వెంటపడ్డ ఆ కుక్కల్ని తర్వాత ఎవరు సాకారో చరిత్ర రాయలేదు. మీ ఇంట్లో పడుకున్నదాని సంగతి మాత్రం... రాయాల్సింది మీరే!