కోసి నోట్లో పెడితే కదా తెలిసేది!

మామిడిపండు గురించి చిత్తూరు వైపు ఆడపిల్లకి ఇంకొకరు చెప్పాలా అనుకునేదాన్ని. మా పుట్టిల్లు పాకాల దగ్గర దామలచెరువు పక్క పల్లె. కాయల రోజుల్లో అక్కడి మండీ దగ్గర లారీల రొద, మామిడి సొన వాసన తప్ప ఇంకేం ఉండవు. పెళ్ళయి తిరుపతికి వచ్చి పదహారేళ్ళయినా, ఏటా మా తమ్ముడు గోతాంలో కాయలు పంపుతూనే ఉన్నాడు. అలాంటి నన్ను పక్కింటి వదిన "మామిడిపండ్ల ప్రదర్శనంట, ఊరికే కోసి రుచి చూపిస్తారంట, రామ్మా పోదాం" అని పిలిచింది. కొల్లేరు వాళ్ళని చేపలు చూద్దాం రమ్మన్నట్టు లేదూ!

ఇది మూడేళ్ళ కిందటి మాట. వదిన పోరు పడలేక వెళ్ళాను. పెద్ద షామియానా, పొడుగాటి బల్లలు, వాటి మీద వరసగా పళ్ళేలు, ఒక్కో పళ్ళెం ముందు అట్టముక్క మీద పేరు. నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. నాకు తెలిసినవి ఎన్నని? బేనీషా, తోతాపురి, నీలం, మల్గోవా, ఖాదర్. అంతే. ఖాదర్ అంటే లోకమంతా గొప్పగా చెప్పుకునే ఆల్ఫాన్సోనే అని కూడా ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్ళూ మా పెరట్లో ఉన్నావిడ విలువ తెలియనట్టయింది.

బల్ల వెనక నిలబడిన అమ్మాయి ఉద్యానశాఖ చదువు చదివిందట. మేము గబగబా రంగు ఉన్న ముక్క మీదికి చెయ్యి చాపితే ఆపేసింది. "ముందు చప్పటివి తినండి మేడమ్, తియ్యటివి ఆఖరున. మధ్యలో నీళ్ళు పుక్కిలించండి. నోట్లో పెట్టుకునే ముందు తొడిమ దగ్గర వాసన చూడండి" అంది. విదేశాల్లో ద్రాక్ష సారా రుచి చూసేవాళ్ళు ఇలాగే వరస పెట్టుకుని, వాసన చూసి, నోట్లో తిప్పి, చివరికి ఉమ్మేస్తారని ఎక్కడో చదివాను. మా షామియానాలో మాత్రం ఒక్కరూ ఉమ్మలేదు!

మొదట తోతాపురి. తర్వాత రుమానియా. యాపిల్‌లా గుండ్రంగా, తొక్క పల్చగా ఉంది, తీపీ పులుపూ అంటీముట్టనట్టు ఉన్నాయి. దానికీ మల్గోవాకీ సంకరం చేసి మన రైల్వేకోడూరు పరిశోధన స్థానం వాళ్ళు తయారుచేసిందట ఏ.యు.రుమానియా. తిరుపతికి ఇంత దగ్గర్లో పుట్టిన పండు పేరు నేను వినలేదు. మల్లిక తింటే తేనెలో ముంచి తీసినట్టుంది. నీలంకీ ఉత్తరాది దశేరికీ పుట్టిన బిడ్డ అది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పుట్టింది. ఇమామ్ పసంద్ సంగతి ఎలా చెప్పను? తొక్క ఆకుపచ్చగానే ఉంటుంది, ముట్టుకుంటే కమిలిపోతుందేమో అన్నంత పల్చన. లోపల పీచన్న మాట లేదు, వెన్న. వదిన నాలుగు ముక్కలు తిని, ఆ అమ్మాయి చూడకుండా ఐదోది తీసుకుంది.

బల్ల చివర్లో ఒక పళ్ళెం దగ్గర ఎవ్వరూ లేరు. చిన్న కాయలు, పచ్చిగా కనబడుతున్నాయి. పేరు కాలేపాడు. జాలిపడి ఒక ముక్క తీసుకున్నాను. లోపల ముదురు నారింజ రంగు. నోట్లో పెట్టుకోగానే మా చక్కెరమాను గుర్తొచ్చింది.

మా తోటలో బావి గట్టున ఒక పెద్ద టెంక చెట్టు ఉండేది. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి మానయిందట. కాయ చిన్నది, చూపుకి ఏమీ ఉండదు, తీపి మాత్రం చక్కెరే. నేను ఏడో తరగతిలో ఉండగా నాయన ఆ చెట్టు కొట్టించి, తోటంతా తోతాపురి అంట్లు పెట్టించాడు. కాలేపాడు అచ్చం ఆ రుచి కాదు. దాని దగ్గర చుట్టం అనిపించింది, అంతే. టెంక నుంచి మొలిచిన మామిడి తల్లిలా ఉండదనీ, అలాంటి చెట్టు లోకంలో ఒక్కటే ఉంటుందనీ, దాని కొమ్మ తీసి అంటు కట్టకపోతే చెట్టుతోపాటు ఆ రుచీ పోతుందనీ ఆ అమ్మాయి చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

మరి ఇవన్నీ బజార్లో ఎందుకు దొరకవు? పక్కనే కాయలు తెచ్చిన రైతును అడిగాను. "మీరు కొంటారామ్మా? ఆకుపచ్చగా ఉంటే పచ్చికాయంటారు. తొక్క పల్చనైతే లారీలో నలిగిపోతాది. తోతాపురి అట్ల కాదు. ఏటేటా కాస్తాది, విరగ్గాస్తాది, ఎంత దూరమైనా తట్టుకుంటాది, ఫ్యాక్టరీ వాడు గుజ్జుకి తీసుకుంటాడు" అన్నాడు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. పదహారేళ్ళుగా తోపుడుబండి దగ్గర నేను వేలుపెట్టి చూపించింది పసుపుపచ్చగా మెరిసే కాయనే మరి.

ఇంటికి రాగానే తమ్ముడికి ఫోన్ చేసి, నాలుగు చెట్లైనా వేరే రకానికి మార్చరా అన్నాను. పకపకా నవ్వాడు. "అక్కా, నువ్వు కథలు రాసుకో. తోట నేను చూసుకుంటా" అన్నాడు. కోపం వచ్చింది కానీ, మూడెకరాల తోట మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నవాడు, వాడి భయం వాడిది.

2025 వేసవి వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది. కాపు విపరీతం, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జే మిగిలి ఉంది, తోతాపురి ధర పడిపోయింది. కాయలు రోడ్డు మీద పారబోసిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలనీ, పైన 4 రూపాయలు తాము ఇస్తామనీ ప్రభుత్వం ప్రకటించింది. మా తమ్ముడు ఒక ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు కింద రెండు రాత్రులు పడుకున్నాడు. మూడో రోజుకి కింది వరస కాయలు కారడం మొదలుపెట్టాయి. అమ్మ కోత కూలీ అయినా వస్తుందా అని లెక్కలు వేస్తూ కూర్చుంది.

ఆ నెలాఖరున ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, ఆ పచ్చతొక్క పండు పేరేమంటివి?"

తోటంతా మార్చే ధైర్యం లేదు, మార్చమని నేనూ అనను. కాయలు దిగాక పది చెట్లకి మాత్రం కొమ్మలు నరికించి, చిగుళ్ళు వచ్చాక అంట్లు కట్టించాడు. మొదలు పాతదే కాబట్టి కొత్త మొక్కంత ఆలస్యం కాదు, రెండు మూడేళ్ళలో కాపుకి వస్తుందని చెప్పారట. ఐదు ఇమామ్ పసంద్, మూడు మల్లిక, నా పోరు పడలేక రెండు కాలేపాడు.

మొన్న వెళ్ళినప్పుడు చూశాను. అవి మొండి చేతులెత్తి నిలబడ్డట్టున్నాయి, చివర్లలో రాగిరంగు ఆకులు. బావి గట్టున అమ్మ నిలబడి అడిగింది.

"రెండేండ్లంటనా?"

"మూడైనా కావచ్చు మా."

"మూడేండ్లే కదా" అంది అమ్మ. "తిని చెప్తాలే, దీంట్లో మన చక్కెరమాను ఉండాదో లేదో."