గిడ్డంగి లెక్కయు యంత్రపు లెక్కయు

వరి పిలకలు వేయు అదనున యూరియా దొరకనిచో, ఆ పిమ్మట దొరికినను ఫలము స్వల్పము. కావున సంఘపు గిడ్డంగిలో సరుకు అయిపోక మునుపే క్రొత్త సరుకు వచ్చి చేరవలయును. ఈ పనిలో యంత్రము మన కెంతవఱకు తోడ్పడునో తెలిసికొందము.

పూర్వము గుమాస్తా సాయంకాలమున చిట్టా వ్రాసి, నెలాఖరున బస్తాలు లెక్కించెడివాడు. సరుకు తగ్గినదని తెలియునప్పటికే ఆలస్యమయ్యెడిది. 2018వ సంవత్సరము మార్చి నాటికి దేశమంతటను ఎరువుల అమ్మకమునకు ఈ-పాస్ యంత్రములు అమలులోనికి వచ్చినవి. అమ్మకము నమోదైన తోడనే ఆ బస్తా నిలువలోనుండి తగ్గును. ఈ అమ్మకపు లెక్కను బట్టియే ప్రభుత్వము ఎరువుల కంపెనీలకు సబ్సిడీ చెల్లించును. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చు పథకమును ఆమోదించినది.

సరుకు ఎప్పుడు తెప్పింపవలెనో కనుగొనుట సులభము. దినమునకు 20 బస్తాలు అమ్ముడగుననియు, ఇండెంటు పంపిన 6 దినములకు లారీ వచ్చుననియు అనుకొందము. ఆ 6 దినములకు 120 బస్తాలు కావలెను. లారీ ఆలస్యమైనచో అక్కఱకు వచ్చుటకై మఱి 3 దినముల సరుకు 60 బస్తాలు. మొత్తము 180. నిలువ ఈ గుర్తునకు దిగిన నాడే ఇండెంటు పోవలెను. రద్దీ కాలమున దినమునకు 50 బస్తాలు అమ్ముడగుచో గుర్తు 450 అగును. గుమాస్తా మఱచిపోవచ్చును, కంప్యూటరులో ఈ గుర్తు నిలిపినచో అది తప్పక హెచ్చరించును. కాలమును బట్టి గుర్తును మార్చుట మాత్రము మన పని.

అయినను యంత్రమునకు కన్నులు లేవు. నే నెఱిగిన యొక సంఘమున, సేద్యపు పనులవలన అఱిగిన వ్రేళ్ల ముద్రలు పడక జాప్యమగుచుండగా, గుమాస్తా బస్తాలిచ్చి పేర్లు కాగితముపై వ్రాసికొని, నమోదును మఱునాటికి వాయిదా వేసెను. మూడవ నాటికి యంత్రమున 210 బస్తాలు కనబడుచుండెను; గిడ్డంగిలో నున్నవి 30. నిలువ కలదని తలచి పైవారు సరుకు పంపలేదు. రైతులు వారము దినములు వట్టి చేతులతో తిరిగిపోయిరి. ఎవ్వరును దొంగిలింపలేదు, లెక్క వెనుకబడినది, అంతియే.

కావున సభ్యులు మూడు నియమములు పాటింపవలెను. ఒకటి: యంత్రపు రసీదు లేనిదే బస్తా కదలింపకుడు, దానిలోని బస్తాల సంఖ్యను సరిచూచుకొనుడు. రెండు: వారమున కొకసారి ఇద్దఱు సభ్యులు గుమాస్తాతో కలిసి గిడ్డంగిలోని బస్తాలను లెక్కించి, యంత్రపు సంఖ్యతో పోల్చవలెను. తేడా కనబడినచో ఆనాడే కారణము విచారింపవలెను. మూడు: ముందు వచ్చిన బస్తాలను ముందు అమ్మింపుడు, నిలువయున్న యూరియా చెమ్మకు గడ్డకట్టును.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రస్తావించి, లెక్కించు సభ్యులను వంతులవారీగా ఎన్నుకొనుడు. తొలకరికి ముందే ఈ యేర్పాటు జరిగినచో, అదనునాటికి బస్తా మన గిడ్డంగిలో నుండును.