మెకంజీ పుట్టిన ఊరికి వెళ్తే



కైఫీయత్తు అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఇవన్నీ చెప్పే ఊరి చరిత్ర అది. బళ్ళారి వైపో కోలారు వైపో తమ పెద్దల ఊరి గురించి రాయబోయినవారు ఏదో ఒకనాడు ఈ కైఫీయత్తుల దగ్గరికి రాక తప్పదు. వాటిని సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది స్కాట్లండుకు వాయవ్యాన, లూయిస్ దీవిలోని స్టోర్నోవే అనే చిన్న రేవు పట్టణంలో. మీ పిల్లలు బ్రిటన్లో ఉంటే, చూడబోయినప్పుడు ఎడింబరో కోటతో సరిపెట్టుకోకుండా ఈ ఊరికీ వెళ్ళిరండి.

ఉల్లాపూల్ రేవు నుంచి ఓడలో దాదాపు మూడు గంటల ప్రయాణం. దిగగానే ఊరి పేరు బోర్డు మీద మొదట గేలిక్‌లో, తరువాత ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగినవారికి ఆ బోర్డు ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది. 2022 జనగణన నాటికి ఆ దీవుల్లో గేలిక్ మాట్లాడేవారు సగానికన్న తగ్గిపోయారు.

1754లో పుట్టిన మెకంజీ ఈ రేవులోనే సుంకాల శాఖలో పనిచేసి, 1783లో మద్రాసు వచ్చాడు. మళ్ళీ ఇంటిముఖం చూడలేదు. 1821లో కలకత్తా వైపే కన్నుమూశాడు. మన దేశపు విద్యల వాకిలి తనకు తెరిచినవాడు కావలి వెంకట బొర్రయ్యేనని ఆయనే రాసుకున్నాడు.

ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో కాలనిష్ రాళ్ళున్నాయి. సుమారు 5,000 ఏళ్ళనాడు నిలబెట్టిన 13 రాళ్ళ వలయం, నడుమ నిలువెత్తు మనిషికి రెండింతలు మించిన రాయి. ఎందుకు నిలిపారో ఎవరికీ తెలియదు. శతాబ్దాలుగా పేరుకున్న పీట్ మట్టిని 1857లో తొలగించేదాకా ఇవి సగానికి సగం భూమిలోనే ఉండిపోయాయి. ఆ పీట్ ఎండబెడితే పొయ్యిలోకి వంటచెరకు. దాని పొగతో నల్లబడ్డ పాత ఇల్లొకటి ఆర్నోల్ అనే పల్లెలో చూడవచ్చు. ఒకే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఒక పక్క పశువుల కొట్టం, పొగగొట్టం లేదు. 1960ల దాకా అందులో కాపురమున్నారు.

ఇక పట్టణంలోని లూస్ కోట. కట్టించిన జేమ్స్ మాథెసన్ చైనాకు నల్లమందు అమ్మి గడించినవాడు. ఆ నల్లమందులో చాలాభాగం మన దేశంలో పండిందే. కోట పక్క మ్యూజియంలో చదరంగపు బొమ్మలు చూడటం మరవకండి. 12వ శతాబ్దంలో వాల్రస్ దంతంతో చెక్కినవి, 1831లో ఈ దీవి ఇసుకలో దొరికాయి. రాణి చెంపన చెయ్యి పెట్టుకుని దిగులుగా ఉంటుంది. ఒక భటుడు డాలు అంచును పళ్ళతో కొరుకుతుంటాడు. దొరికిన 93 వస్తువుల్లో 82 లండన్లో, 11 ఎడింబరోలో ఉన్నాయి. సొంత దీవిలో ఉన్నవి ఆరే, అవీ లండను వారు అరువిచ్చినవి. మన కైఫీయత్తుల సంగతీ ఇంతే కదా! కొన్ని మద్రాసులో, కొన్ని లండన్లో.

ఒక్క మాట. ఆదివారం ఇక్కడ దైవప్రార్థనల దినం, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే సరుకులు తెచ్చుకోండి. గొడుగు మాత్రం వద్దు, అక్కడి గాలికి నిలవదు. టోపీ ఉన్న వానకోటు తీసుకెళ్ళండి.