ఎవరి పక్కన కూర్చుంటే చదువు వస్తుంది?

ఒక లారీ, ఒక స్కూటరు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. స్కూటరు మీద లారీ ప్రయోగించిన బలం ఎక్కువా? లారీ మీద స్కూటరు ప్రయోగించిన బలం ఎక్కువా? ఒక్క నిమిషం ఆలోచించండి.

"లారీదే ఎక్కువ" అనుకున్నారు కదూ! న్యూటన్ మూడవ నియమాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పేవారు కూడా తరచు ఇలాగే అంటారు. నిజానికి రెండు బలాలూ సమానమే. స్కూటరు ద్రవ్యరాశి తక్కువ కనుక అంతే బలానికి దాని వేగంలో మార్పు చాలా ఎక్కువ. అందుకే పెద్ద దెబ్బ దానికి తగులుతుంది.

నియమం నోటికి వచ్చినా అర్థం కాకపోవడాన్ని అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ కూడా గమనించారు. 1991లో ఆయన పాఠం చెప్పే తీరు మార్చారు. పాఠం మధ్యలో ఇటువంటి ప్రశ్న ఒకటి వేసేవారు. ప్రతి విద్యార్థీ ముందు సొంతంగా జవాబు ఎంచుకోవాలి. తరువాత పక్కవారితో వాదించాలి. ఆపైన మళ్ళీ జవాబు చెప్పాలి. రెండవసారి సరైన జవాబులు పెరిగేవి.

"తెలిసినవారిని చూసి తెలియనివారు మార్చుకున్నారేమో!" అని మీకు అనుమానం రావచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర తరగతిలో దీన్ని పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. చర్చ ముగిశాక అదే సూత్రం మీద మరో ప్రశ్న ఇచ్చి, ఎవరికి వారే జవాబు చెప్పమన్నారు. మొదట ఎవరికీ సరైన జవాబు తెలియని జట్లలో కూడా కొందరు ఈసారి సరిగ్గా చెప్పగలిగారని తేలింది!

మరి జట్టు ఎలా ఉండాలి? చురుకైనవారంతా ఒకచోట, వెనుకబడినవారంతా మరొకచోట కూర్చోవాలా? కెనడా పరిశోధకులు 1996లో అప్పటిదాకా జరిగిన అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూశారు. వెనుకబడినవారు అన్ని స్థాయిలవారూ కలిసిన జట్లలో ఎక్కువ నేర్చుకున్నారు. మధ్యరకం వారు తమ స్థాయివారితో ఉన్నప్పుడు ఎక్కువ నేర్చుకున్నారు. చురుకైనవారికి ఎక్కడ కూర్చున్నా పెద్ద తేడా కనబడలేదు. చూశారా! వెనుకబడినవారి పక్కన కూర్చుంటే మన చదువు పాడవుతుందనే భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

దీనికి కారణమేమిటి? ఒక సంగతిని ఇంకొకరికి వివరించేటప్పుడు మన ఆలోచనలోని లోపాలు మనకే బయటపడతాయి. కనుక చెప్పేవారికీ లాభమే, వినేవారికీ లాభమే. కలిసిన జట్టులో మధ్యరకం వారు చెప్పక, అడగక ఊరుకుంటే మాత్రం ఆ లాభం పోతుంది. అలాగే జవాబు ఒక్కటే అందిస్తే ప్రయోజనం లేదు, "ఎందుకు?" అన్నది చెప్పాలి.

రేపు లారీ ప్రశ్నను మీ తరగతిలో అడిగి చూడండి. ముందు ఎవరి జవాబు వారు కాగితం మీద రాయాలి. తరువాత నలుగురేసి చేరి వాదించండి. అందరికంటే తక్కువ మాట్లాడేవారిని మొదట చెప్పనివ్వండి!