బయలుదేరే ముందు మూడు రోజులు

ఫిబ్రవరి వచ్చిందంటే విజయవాడ దారుల్లో జనం గుంపులుగా నడిచి వస్తుంటారు. ఆ నెల 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ మీద మరియమాత ఉత్సవాలు జరుగుతాయి. 1924లో ఇటలీ దేశస్థుడైన ఫాదర్ ఆర్లాటి అక్కడ మరియమాత స్వరూపాన్ని నిలిపారు. నాటి నుంచి అది కతోలిక సోదరుల యాత్రాస్థలమైంది. ఆ నడకను చూసిన మన యువకులు ‘మనమూ శ్రమదినాల్లో ఒక రోజు సంఘమంతా కలిసి పాటలు పాడుకుంటూ నడిస్తే తప్పా?’ అని అడుగుతున్నారు. ‘మనకు యాత్రలెందుకు?’ అని పెద్దలు కొట్టిపారేస్తున్నారు.

పెద్దల భయం న్యాయమైనదే. కాళ్లు బొబ్బలెక్కేలా నడిచినా పాపం పోదు. రక్షణ కృపచేతనే (ఎఫెసీ 2:8). ఏ కొండ మీద ఆరాధించాలన్న సమరయ స్త్రీ సందేహానికి, ఆరాధన స్థలానికి కట్టుబడి లేదని ప్రభువే జవాబిచ్చాడు (యోహాను 4:21-24). అయినా దేవుని ప్రజలు నడిచినవారే. ఏటా మూడు పండుగలకు ఇశ్రాయేలీయులు దేవుని సన్నిధికి వెళ్లాలన్నది ధర్మశాస్త్రం (ద్వితీ 16:16). 120 నుంచి 134 వరకు పదిహేను కీర్తనలకు ‘యాత్రకీర్తనలు’ అనే పేరుంది. అందుచేత నడవడం తప్పా అని కాదు, ఎలా బయలుదేరాలి అని అడగాలి.

దీనికి ఎజ్రా మంచి గురువు. బబులోను నుంచి యెరూషలేముకు నాలుగు నెలల ప్రయాణం. అంత దూరం వెళ్లాల్సినవాడు అహవా నది ఒడ్డున మూడు రోజులు ఆగాడు (ఎజ్రా 8:15). ఎందుకు? ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూడటానికి. చూస్తే లేవీయులు ఒక్కరూ లేరు! వారు లేకుండా ఎజ్రా కదల్లేదు. కబురు పంపి 38 మంది లేవీయులను, 220 మంది దేవాలయ సేవకులను రప్పించాడు. తర్వాత ఉపవాసం ప్రకటించి, పెద్దల కోసమే కాక చిన్నపిల్లల కోసమూ క్షేమమైన దారి వేడుకున్నాడు. ఆ తర్వాతే అడుగు ముందుకు పడింది.

మన జాబితాలోనూ ఎవరు లేరో చూడాలి. మినుము తీసే రోజుల్లో ఒక పూట కూలి పోతే గడవని తల్లి ఉందా? ఊతకర్రతో నడిచే తాత ఉన్నాడా? మన డెల్టా పల్లెల్లో ఒకే పేటలో రెండు మూడు మందిరాలుంటాయి. వాటి మధ్య మాటలుండవు. ఒకే ఇంటి అన్నదమ్ములు గెనెం తగాదాతో ఆదివారం చెరో మందిరానికి వెళ్తుంటారు. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23-24). ఆ గడప ఎక్కకుండా పది మైళ్లు నడిచి లాభమేమిటి? యాత్రలో అన్నింటికంటే కష్టమైన దూరం పక్కింటి వరకే.

బయలుదేరాక వేగం ఎంత? ఏశావు కలిసి వెళ్దామంటే, పిల్లలూ మందలూ నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు యాకోబు (ఆది 33:13-14). సంఘానికి అదే కొలత. ఎండ ముదరకముందే కాలువ గట్టు మీదుగా సాగాలి. మంచినీళ్లు, మజ్జిగ ఉండాలి. లారీలు తిరిగే రోడ్డయితే పిల్లల చేయి పట్టుకునే పెద్దలుండాలి. అందరికంటే వెనుకబడినవాడి పక్కన కాపరి నడవాలి.

ఒక్క హెచ్చరిక. పస్కా పండుగ ముగించుకుని తిరిగి వెళ్తూ, యేసు గుంపులోనే ఉన్నాడనుకుని మరియ, యోసేపులు ఒక దినమంతా నడిచారు (లూకా 2:44). ఆయన లేడు! మైకులు, ఫ్లెక్సీలు, ఫొటోలు అన్నీ ఉండి, ఆయనే లేకుండా మనమూ ఒక దినం నడిచేయగలం.

గుణదలకు వెళ్లే వారిని చూసి నవ్వకండి. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే దళితుడు తనవారితో కృష్ణా స్నానానికి బెజవాడ వచ్చాడు. నిజదేవుడెవరో తెలియజేయమని అప్పటికే ప్రార్థిస్తున్నవాడతడు. ఇక్కడ సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ గారి దగ్గర సువార్త విని, తాను వెదికిన దేవుడు యేసేనని గ్రహించాడు. రాఘవాపురంలో సంఘం పుట్టింది అలాగే. నది కోసం వచ్చినవాడికి ప్రభువు ఎదురయ్యాడు. ఆ రోజు మిషనరీ తలుపు మూసుకుని ఉంటే?

అందుచేత దారిన పోయే యాత్రికుడికి మన మందిరం గేటు తెరవండి, చల్లని నీళ్లివ్వండి. మన సంఘం నడవాలనుకుంటే తప్పక నడవండి. కానీ ముందు మూడు రోజులు ఆగండి. రానివారిని పిలవండి, మాట్లాడనివారితో మాట్లాడండి, పిల్లల కోసం మోకరించండి. ఎమ్మాయు దారిలో దిగులుగా నడుస్తున్న ఇద్దరిని కలుసుకున్న ప్రభువు అలాంటి గుంపుతో తప్పక కలిసి నడుస్తాడు. ఆమేన్.