ఫోన్ నుంచి ఆఫీస్ మెయిల్ పంపుతున్నారా? సెండ్ నొక్కే ముందు ఇవి తెలుసుకోండి

వాట్సాప్‌లో పొరపాటున ఏదైనా మెసేజ్ పంపితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు, లేదా 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టేయొచ్చు. పదేళ్లుగా చాటింగ్‌కి అలవాటు పడ్డ మన చేతులు, ఉద్యోగంలో చేరాక మెయిల్‌ని కూడా అలాగే వాడేస్తాయి. కానీ మెయిల్ పనిచేసే పద్ధతి పూర్తిగా వేరు. ఆ తేడా అర్థమైతే మెయిల్ ఎటికెట్ సగం వచ్చేసినట్టే. మిగతా సగం మీ ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

అన్‌డూ సెండ్ అసలు ఏం చేస్తుంది?

జీమెయిల్‌లో సెండ్ నొక్కగానే కింద 'అన్‌డూ' కనిపిస్తుంది కదా. అది పంపిన మెయిల్‌ని వెనక్కి తేవడం కాదు. ఆ కొన్ని సెకన్లపాటు జీమెయిల్ మెయిల్‌ని పంపకుండా తన దగ్గరే ఆపి ఉంచుతుంది, అంతే. టైమ్ అయిపోయాక మెయిల్ అవతలివాళ్ల సర్వర్‌కి వెళ్లిపోతుంది. అక్కడి కాపీని చెరిపే హక్కు మీకు లేదు.

అవుట్‌లుక్‌లో 'రీకాల్' ఉంది కదా అంటారేమో. అది మీ సంస్థ లోపలి అకౌంట్లకి పంపిన మెయిల్స్ మీదే పనిచేస్తుంది. బయటి క్లయింట్‌కి వెళ్లిన మెయిల్ వెళ్లినట్టే.

అందుకే ముందు ఈ పని చేయండి. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, జనరల్‌లో అన్‌డూ సెండ్ టైమ్‌ని 5 సెకన్ల నుంచి 30 సెకన్లకి మార్చండి. ఐఫోన్ మెయిల్ యాప్‌లో ఐఓఎస్ 16 నుంచి ఈ సదుపాయం ఉంది. అక్కడ కూడా 30 సెకన్ల వరకు పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్ జనరల్ సెట్టింగ్స్‌లో 'కన్‌ఫర్మ్ బిఫోర్ సెండింగ్' ఆన్ చేస్తే, పంపే ముందు ఒకసారి అడుగుతుంది. బస్సులో వేలు జారి సగం మెయిల్ వెళ్లిపోయే ప్రమాదం తప్పుతుంది.

మీ మెయిల్ ఎవరు చదువుతారు?

మీరు 'టు'లో పెట్టిన మనిషి ఒక్కరే చదువుతారనుకుంటే పొరపాటే. మెయిల్ ఫార్వర్డ్ అవుతుంది. ఆరు నెలల తర్వాత ఎవరో సెర్చ్ చేసి తీస్తారు. మీ ముఖం కూడా చూడని మేనేజర్ దాన్ని చదివి మీ గురించి ఒక అభిప్రాయానికి వస్తాడు.

మా టీమ్‌లో జరిగింది చెప్తాను. రిలీజ్ అయిన కొన్ని నెలలకి ఒక ఫీచర్ దెబ్బతింది. 'ఇది టెస్ట్ చేయకుండా ఎవరు వదిలారు?' అని పెద్ద కాల్ పెట్టారు. అందరి చూపూ ఆ పని చేసిన జూనియర్ మీదే ఉంది. అప్పుడు మా లీడ్ పాత మెయిల్ ఒకటి తీశాడు. రిలీజ్‌కి ముందే ఆ అబ్బాయి రాసిన నాలుగు లైన్లు: ఏ కేసులు టెస్ట్ అయ్యాయి, ఏ ఒక్క కేసు కాలేదు, దానికి ఎవరి నుంచి డేటా రావాలి. ఇంగ్లిష్ ఏమంత గొప్పగా లేదు, కానీ విషయం స్పష్టంగా ఉంది. కాల్ అక్కడితో ముగిసింది. అదే విషయం అతను క్యాంటీన్‌లో నోటిమాటగా చెప్పి ఉంటే ఆ రోజు కాపాడేవాళ్లు ఎవరూ లేరు.

నేను పాటించే రూల్ దాన్నుంచి వచ్చిందే: మన ప్రాజెక్ట్ గురించి ఏమీ తెలియని మూడో మనిషి చదివినా అర్థమయ్యేలా రాయాలి.

సబ్జెక్ట్ లైన్, మొదటి వాక్యం

ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మీ పేరు, సబ్జెక్ట్, మొదటి లైన్ కొంచెం. 'హాయ్' అనో 'అర్జెంట్' అనో పెడితే ఏం తెలియదు. 'లాగిన్ మాడ్యూల్: టెస్ట్ సర్వర్ యాక్సెస్ శుక్రవారంలోపు కావాలి' అనే అర్థం వచ్చేలా పెడితే మెయిల్ తెరవకుండానే పని తెలుస్తుంది. కాలేజీ లీవ్ లెటర్‌లా 'విత్ డ్యూ రెస్పెక్ట్' అంటూ మొదలెట్టి మూడో పేరాలో అసలు సంగతికి రావద్దు. ఏం కావాలో ముందు, ఎందుకో తర్వాత.

మనకి మామూలే, వాళ్లకి అయోమయం

'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అంటే ఎవరు, ఏం, ఎప్పటికి చేయాలో అందులో లేదు. ఆ మూడూ రాయండి. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే అమెరికా వాళ్లకి మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. 'క్వశ్చన్' అనండి. 'ప్లీజ్ రివర్ట్' అని డెవలపర్‌కి రాస్తే ఇంకా డేంజర్. గిట్‌లో రివర్ట్ అంటే చేసిన మార్పుని రద్దు చేయడం! 'రిప్లై' చాలు.

తేదీ 04/05 అని రాస్తే మనకి మే 4, అమెరికాలో ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాయండి. 'ఈఓడీ' అన్నా ఎవరి రోజు ముగిసేసరికి అనేది సమస్యే. హైదరాబాద్‌కీ న్యూయార్క్‌కీ మధ్య వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా. టైమ్‌తో పాటు ఊరి పేరు కూడా పెట్టండి.

మన తెలుగువాళ్లకి ఇంకోటి ఉంది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటే సిస్టమ్‌లోనూ అలాగే పడి, క్లయింట్ మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తాడు. సిగ్నేచర్‌లో మిమ్మల్ని పిలవాల్సిన పేరు స్పష్టంగా పెట్టండి. ఫోన్ యాప్‌లో సిగ్నేచర్ విడిగా సెట్ చేయాలి. 'సెంట్ ఫ్రమ్ మై ఐఫోన్' తీసేసి పేరు, రోల్, టీమ్ పెడితే చాలు.

రిప్లై ఆల్‌తో జాగ్రత్త

1997లో మైక్రోసాఫ్ట్ లోపల దాదాపు 13 వేల మంది ఉన్న ఒక లిస్ట్‌కి మెయిల్ వెళ్లింది. 'నన్ను తీసేయండి' అని కొందరు, 'రిప్లై ఆల్ ఆపండి' అని ఇంకొందరు అందరికీ రిప్లై కొట్టి మెయిల్ సర్వర్లనే కుదేలు చేశారు. 2020లో అదే కంపెనీ ఆఫీస్ 365లో ఇలాంటి వరదని ఆపే ఫీచర్ తెచ్చింది. అంటే అనుభవజ్ఞులకి కూడా ఇది తప్పలేదు.

ఆండ్రాయిడ్ జీమెయిల్‌లో 'డిఫాల్ట్ రిప్లై యాక్షన్' అనే సెట్టింగ్ చూసి, 'రిప్లై' మీద ఉంచండి. పని చేయాల్సినవాళ్లు 'టు'లో, తెలిస్తే చాలనుకునేవాళ్లు 'సీసీ'లో ఉండాలి. కోపంతో మేనేజర్‌ని సీసీలో పెట్టడం అంటే నలుగురిలో ఫిర్యాదు చేయడమే. ముందు ఆ మనిషితో నేరుగా మాట్లాడండి. 'బీసీసీ'లో ఉన్నవాళ్లు రిప్లై ఆల్ కొడితే గుట్టు రట్టవుతుందని కూడా గుర్తుంచుకోండి.

అటాచ్‌మెంట్, స్క్రీన్‌షాట్

ముందు ఫైల్ అటాచ్ చేసి, తర్వాత మెయిల్ రాసి, చివర్లో 'టు' నింపండి. అడ్రస్ లేని మెయిల్ పొరపాటున కూడా వెళ్లదు. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లు 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింక్‌గా పోతాయి. అవతలివాళ్లకి యాక్సెస్ ఉందో లేదో చూసుకోండి. ఎర్రర్‌ని ఫొటోతో పాటు టెక్స్ట్‌గా కూడా పెడితే వాళ్లు కాపీ చేసి వెతుక్కోగలరు. ఫోన్ స్క్రీన్‌షాట్‌లో పైన మీ పర్సనల్ నోటిఫికేషన్లు ఉంటే క్రాప్ చేయండి. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు మాత్రం మెయిల్‌లో వద్దు. ఆ కాపీ ఎక్కడెక్కడ మిగులుతుందో మన చేతిలో ఉండదు.

రాత్రి పన్నెండుకి మెయిల్ రాయడం పూర్తయితే 'షెడ్యూల్ సెండ్' వాడి ఉదయానికి పెట్టండి. కోపంగా రాసిన మెయిల్‌కైతే ఇది మరీ మంచిది. పొద్దున లేచి చదివితే, అందులో సగం లైన్లు మీరే తీసేస్తారు.